మచ్చ, ఎలుక, కుందేలు చెవి

బ్రాడీపేట,
గుంటూరు.

పిల్లలూ, ఆశీస్సులు.

పెద్దాడి మోకాలి దెబ్బ మానినా మచ్చ పోలేదని, చిన్నదాని చెవి కుట్టించిన చోట కండ పెరుగుతోందని అమ్మ ఫోన్లో చెప్పింది. "ఎలుకల మీద బాగా పనిచేసిన మందు ఉందట, రాసుకోమంటావా తాతయ్యా?" అని మీరు అడిగారు. ఇన్నేళ్లు జువాలజీ పాఠాలు చెప్పిన నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది.

చర్మం తెగగానే రక్తం గడ్డకడుతుంది. తెల్ల రక్తకణాలు చేరి క్రిములను ఏరేస్తాయి. తర్వాత కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులతో ఖాళీ పూడుతుంది. మామూలు చర్మంలో ఆ పోగులు బుట్ట అల్లినట్టు పెనవేసుకొని ఉంటాయి. మచ్చలో అన్నీ ఒకే వైపుకి బారులు తీరతాయి. అక్కడ వెంట్రుక మొలవదు, చెమట పట్టదు. ఎన్నాళ్లు గడిచినా పాత బలంలో సుమారు 80 శాతానికి మించి రాదు.

ఇక ఎలుక సంగతి. గేదె ఒంటి మీద ఈగ వాలినప్పుడు గమనించారా? తోక కదలకుండానే ఆ చోట చర్మం ఒక్కటే జలదరిస్తుంది. చర్మం కిందనున్న పల్చటి కండర పొర చేసే పని అది. ఎలుకకూ ఆ పొర ఉంది, మన ఒంట్లో దాదాపు లేదు. ఎలుక చర్మం వదులు కూడా. వీపు మీద గాయమైతే అంచులు దగ్గరికి లాక్కొని మూసుకుపోతాయి. మనకైతే చాలావరకు అడుగు నుంచి కొత్త కండ పూడి, దాని మీదికి చర్మం పాకి రావాలి. మరి ఎలుక గాయం త్వరగా మానితే అది మందు మహిమా, చర్మం లాగుడా? అందుకే చిట్టెలుకల గాయం చుట్టూ చిన్న సిలికాన్ రింగ్ అంటించి కుట్లు వేస్తారు. అంచులు కదలవు, గాయం మనకు పూడినట్టే పూడాలి. అంత చిన్న రింగ్‌తో ఎంత పెద్ద చిక్కు విడిపోయిందో చూడండి!

మన చర్మానికి బాగా దగ్గరిది పంది చర్మం. కానీ పందుల్ని పెంచడానికి చోటు, డబ్బు చాలా కావాలి. కుందేలు చెవి లోపలి వైపు మృదులాస్థి దాకా గాయం చేస్తే చర్మం లాక్కోలేదు, ఉబ్బెత్తు మచ్చ వస్తుంది. అలాంటి మచ్చల్ని అక్కడ పరిశీలిస్తారు. ఆఫ్రికాలో ముళ్ల ఎలుక ఒకటుంది. శత్రువు పట్టుకుంటే చర్మం వదిలేసి పారిపోతుంది. ఆ చోట వెంట్రుకలతో సహా చర్మం తిరిగి వస్తుందని 2012లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మచ్చ దాదాపు ఉండదు!

అయినా జంతువులో గెలిచిన మందు మనిషిలో గెలుస్తుందని నమ్మకం లేదు. జువిస్టా అనే మచ్చల మందు ఎలుకల్లో ఎన్నో ఆశలు రేపి, 2011లో మనుషుల మీద చివరి దశ పరీక్షలో విఫలమైంది. గడ్డి చామంతి ఆకు, మన దుగ్గిరాల యార్డుకు వచ్చే పసుపు కూడా ఎలుకల మీద పరీక్షించినవే. ఆ ఫలితాల్నీ ఇదే జాగ్రత్తతో చదవాలి.

పాపం ఎలుకకు నొప్పి కాదా అంటారు. అవుతుంది. అందుకే మత్తు, నొప్పి మందు ఇవ్వాలి. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. వేరే దారి ఉంటే జంతువును వాడొద్దు, వాడితే తక్కువ వాటిని, తక్కువ బాధతో వాడమని 1959లోనే రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు రాశారు. నన్నడిగితే, సరిగ్గా ఆలోచించకుండా చేసిన ప్రయోగమే అన్నిటికంటే క్రూరం. ఆ జీవి పడ్డ బాధ ఎవరికీ పనికిరాకుండా పోతుంది.

చిన్నదాని చెవిది కీలాయిడ్, అంటే గాయం హద్దు దాటి పెరిగే మచ్చ, అయితే దానికి ఏ ఎలుకా జవాబు చెప్పలేదు. అది మనుషులకే వస్తుంది. ఆపరేషన్లో తీసిన ముక్కల్నే ల్యాబ్‌లో పెట్టి చూస్తున్నారు. కోసేస్తే పోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఒట్టిగా కోస్తే చాలాసార్లు మళ్లీ వస్తుంది. ముందు చర్మం డాక్టరుకు చూపించమని అమ్మకు చెప్పండి, ఇంజెక్షన్ల లాంటి దారులున్నాయి. పెద్దాడి మచ్చ ఇంకా ఏడాది దాకా మారుతూనే ఉంటుంది, అప్పటిదాకా గోకనివ్వకండి.

మీ తాతయ్య