వెలుగు చూసినవారిని సైన్యం అడిగిన ప్రశ్నలు

తిరుపతి

చిరంజీవులైన మనుమలకు, మనుమరాండ్రకు తాతయ్య ఆశీస్సులు.

ఆకాశంలో ఎగిరే పళ్ళెం కనిపించిందని ఒక మామూలు మనిషి చెబితే సైన్యం నిజంగా పట్టించుకుంటుందా అని ఫోనులో అడిగారు. అమెరికాలో పట్టించుకున్నారు. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే వ్యాపారి తన చిన్న విమానంలో వెళుతూ, రెయినియర్ పర్వతం దగ్గర తొమ్మిది వస్తువులు అమితవేగంతో పోవడం చూశానని చెప్పగా, కొద్ది వారాల్లోనే సైనికాధికారులు వచ్చి ఆయనను విచారించారు. ఇలాంటి కబుర్లు పెరిగేసరికి అదొక ప్రత్యేక శాఖ పని అయింది. 1952 నుంచి 1969 వరకు అది 'ప్రాజెక్ట్ బ్లూ బుక్' పేరుతో ఒహాయో రాష్ట్రంలోని రైట్-పాటర్సన్ వైమానిక స్థావరం నుంచి నడిచింది. దేశ భద్రతకు ముప్పు ఉందా అన్నదే వారి మొదటి చింత.

నాకు బాగా నచ్చింది వారి ప్రశ్నాపత్రం. దూరం తెలియనప్పుడు వస్తువు ఎన్ని అడుగులుందో చెప్పడం ఎవరి తరమూ కాదు గనుక, గుండుసూది తల, బఠాణీ గింజ, రకరకాల నాణేల పేర్లు వరుసగా ఇచ్చి, చేయి చాచి పట్టుకుంటే వీటిలో దేనంత కనిపించిందో గుర్తు పెట్టమనేవారు. బొమ్మ కూడా గీయమనేవారు. ఆ తరువాత, ఆ వేళకు ఆ దిక్కున శుక్రుడున్నాడా, విమానం వెళ్ళిందా, వాతావరణ బెలూన్ ఎగిరిందా అని సరిచూసేవారు.

తొందరపడిన చోట మాత్రం పరువు పోయింది. 1966 మార్చిలో మిషిగన్ రాష్ట్రంలో కళాశాల విద్యార్థినులతో సహా చాలామంది వింత వెలుగులు చూశామన్నప్పుడు, సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త హైనెక్ కొద్ది రోజుల్లోనే పత్రికలవారిని పిలిచి, అది చిత్తడి నేలలో పుట్టే వాయువు కావచ్చునన్నారు. ఆయన అన్న 'కావచ్చు' ఎవరి చెవికీ ఎక్కలేదు. తమను వెర్రివాళ్ళను చేశారని జనం మండిపడ్డారు. తరువాతి కాలంలో అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్, అప్పట్లో అక్కడి ప్రజాప్రతినిధి, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ విచారణ జరపాలని కోరారు. నన్నడిగితే వారి కోపం న్యాయమైనదే. చివరకు ఈ ఉదంతాల మీద విడిగా అధ్యయనం చేసే పని కొలరాడో విశ్వవిద్యాలయానికి అప్పగించి, వారి నివేదిక వచ్చాక 1969 డిసెంబరులో బ్లూ బుక్‌ను మూసివేశారు. మొత్తం 12,618 ఉదంతాల్లో 701 తేలకుండా మిగిలాయి. గ్రహాంతర వాహనాలనడానికి ఆధారమేదీ లేదని వైమానిక దళం ప్రకటించింది.

మన దేశంలోనూ లడఖ్ సరిహద్దులో జవాన్లు నెలల తరబడి గమనించిన వెలుగులు శుక్ర, గురు గ్రహాలేనని 2013లో భారతీయ ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రజ్ఞులు తేల్చారు. సాక్షులు శిక్షణ పొందిన సైనికులే సుమా!

మన వైపు అనుమానితులు ఇంకా ఎక్కువ. చిత్తూరు దారిలోని గాదంకి వాతావరణ పరిశోధనశాల వారు పరికరాలు కట్టిన బెలూన్లు వదులుతారు. శ్రీహరికోట నుంచి సందెవేళ రాకెట్టు లేస్తే, కింద మనకు చీకటి పడినా, ఎత్తున ఉన్న దాని పొగకు ఎండ తగిలి మెరుస్తుంది. మీరు మేడ మీది నుంచి చూసిన వెలుగు గురించి పంపిన చీటీలో వేళా లేదు, దిక్కూ లేదు. ఆ రెండూ, ఎంతసేపు కనిపించిందో కూడా, ఒకరిదొకరు చూడకుండా విడివిడిగా రాసి పంపండి. ప్రయోగాల వేళలతో నేను సరిచూసి జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య