బూట్ కాని పాత యూనిక్స్ మెషీన్: అపోహలు - వాస్తవాలు

పాత యూనిక్స్ మెషీన్లను లేపి, వాటిలో ఇరుక్కుపోయిన డేటాను బయటికి తీయడం నా పని. నా చేతికి వచ్చేవాటిలో ఎక్కువ సన్ కంపెనీ చేసిన స్పార్క్‌స్టేషన్ కంప్యూటర్లే కాబట్టి ఉదాహరణలూ వాటివే ఇస్తున్నాను. మెషీన్ పాతబడి పోయిన డేటా కంటే, బాగుచేద్దామన్న తొందరలో పోగొట్టుకున్న డేటానే నేను ఎక్కువగా చూశాను.

అపోహ: బూట్ కాలేదంటే డిస్క్ పోయినట్టే.

చాలాసార్లు పోయేది చిన్న బ్యాటరీ. ఈ మెషీన్లలో ఎన్‌వీర్యామ్ అనే చిప్ ఉంటుంది. ఎం48టీ02, ఎం48టీ08 ఆ కోవలోవే. గడియారం, బూట్ సెట్టింగులు, ఈథర్నెట్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషీన్ చిరునామా), హోస్ట్ ఐడీ (మెషీన్ గుర్తింపు సంఖ్య) అన్నీ అందులోనే. లిథియం బ్యాటరీ కూడా ఆ చిప్‌లోనే మూసేసి ఉంటుంది, ఆయుష్షు సుమారు 10 ఏళ్లు. అది అయిపోతే మెషీన్ తన పేరే మర్చిపోతుంది. ఐడీప్రామ్ ఇన్‌వాలిడ్ (గుర్తింపు వివరాలు చెల్లవు) అని మెసేజ్ వస్తుంది, ఈథర్నెట్ అడ్రస్‌లో అన్నీ ఎఫ్‌లే కనిపిస్తాయి. పైగా డిస్క్‌ను వదిలేసి నెట్‌వర్క్ నుంచి బూట్ కావాలని చూస్తూ అక్కడే ఆగిపోతుంది. చూసేవాళ్లకు డిస్క్ పోయిందనే టెన్షన్ పట్టుకుంటుంది.

స్టాప్, ఏ కీలు కలిపి నొక్కితే ఓకే ప్రాంప్ట్, అంటే బూట్‌కు ముందే కమాండ్లు కొట్టే చోటు, వస్తుంది. అక్కడ ప్రోబ్-స్కజీ అని కొట్టండి (స్కజీ అంటే ఈ డిస్కులు తగిలించే కనెక్షన్ పద్ధతి). డిస్క్ కంపెనీ పేరు, మోడల్ నంబర్ కనబడితే డిస్క్ పలుకుతున్నట్టే. బూట్ డిస్క్ అని చెబితే లేచి కూర్చున్న మెషీన్లు ఎన్నో.

చిప్ పీకే ముందు మాత్రం హోస్ట్ ఐడీ ఇంకా చెరిగిపోకుండా ఉంటే రాసిపెట్టుకోండి, పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సులు చాలావరకు దానికే ముడిపడి ఉంటాయి. ఈ మెషీన్ల ఈథర్నెట్ అడ్రస్ 8:0:20తో మొదలవుతుంది. మిగతా మూడు జతల కోసం చిప్ మీది లేబుల్ చూడండి. అక్కడ లేకపోతే డిస్క్‌లోని పాత మెసేజెస్ ఫైల్‌లో వెతకండి. బూట్ అయిన ప్రతిసారీ అడ్రస్ అందులో నమోదవుతుంది.

అపోహ: మానిటర్, కీబోర్డ్ లేకపోతే ఏమీ చేయలేం.

కీబోర్డ్ పీకేసి ఆన్ చేస్తే మెషీన్ సీరియల్ పోర్ట్ ఏ మీద మాట్లాడుతుంది; దానికి ఇంకో కంప్యూటర్‌ను టెర్మినల్‌గా తగిలించండి. నల్ మోడెమ్ కేబుల్, 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. అంతే.

అపోహ: రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) పాస్‌వర్డ్ తెలియకపోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

అక్కర్లేదు. మెషీన్ మీదైతే, లేదా యజమాని అనుమతి ఉంటే, ఇన్‌స్టాల్ సీడీతో సింగిల్ యూజర్ మోడ్‌లో బూట్ చేసి, డిస్క్‌లోని రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయండి. పాస్‌వర్డ్‌లు దాచే షాడో ఫైల్‌లో రూట్ వరుసలో మొదటి కోలన్‌కూ రెండో కోలన్‌కూ మధ్య ఉన్న 13 అక్షరాలు తీసేస్తే పాస్‌వర్డ్ ఖాళీ అవుతుంది. కోలన్లను మాత్రం ముట్టుకోకండి. చాలామంది ఇక్కడిదాకా వచ్చి వీఐ ఎడిటర్ తెరుచుకోక ఆగిపోతారు. ఏ రకం టెర్మినలో చెప్పే టర్మ్ వేరియబుల్ సెట్ కాకపోవడమే కారణం. సీరియల్ మీద ఉంటే దాన్ని వీటీ100 అని పెట్టండి, తెరుచుకుంటుంది.

అపోహ: ముందు ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే ప్రోగ్రామ్) నడిపిస్తే అన్నీ సర్దుకుంటాయి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఎఫ్‌ఎస్‌సీకే పని ఫైల్‌సిస్టమ్ లెక్క కుదర్చడం, మీ ఫైళ్లను కాపాడటం కాదు. అరిగిపోతున్న డిస్క్ మీద అన్నిటికీ ఎస్ అంటూ దాన్ని వదిలితే, చదవలేకపోయిన డైరెక్టరీని తీసిపారేసి, లెక్క కుదిరిందంటుంది. అలా నడిపాక ఒక డిస్క్ నా దగ్గరికి వచ్చింది. దిక్కులేని ఫైళ్లను ఎఫ్‌ఎస్‌సీకే పడేసే లాస్ట్ ప్లస్ ఫౌండ్ డైరెక్టరీ తెరిస్తే వేల ఫైళ్లు, ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ ఐనోడ్ నంబర్లే (ఫైల్‌సిస్టమ్ లోపల ఫైళ్లకు ఇచ్చే నంబర్లు). ఏది ఎవరిదో తేల్చడానికి ఒక్కో ఫైల్ తెరిచి చదవాల్సి వచ్చింది.

ముందు కాపీ తీయండి. డిస్క్ విప్పి, స్కజీ కార్డు ఉన్న లైనక్స్ పీసీకి తగిలించి, జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్ నడపండి. బాగున్న భాగాలను ముందు లాగేసి, పాడైనచోట్లకు తర్వాత వస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ ఇవ్వడం మర్చిపోవద్దు, మధ్యలో ఆగినా ఆగినచోటి నుంచే అందుకుంటుంది. విండోస్‌కు తగిలిస్తే డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయమంటారా అని అడుగుతుంది; ఎస్ అన్నారో, డిస్క్ లేబుల్ (విభజనల వివరాలుండే భాగం) మీదే రాసేస్తుంది.

అలా తీసిన కాపీ ఫైల్‌ను (ఇమేజ్) లైనక్స్‌లో యూఎఫ్‌ఎస్ (ఈ మెషీన్ల ఫైల్‌సిస్టమ్), టైప్ సన్, రీడ్-ఓన్లీ అని మౌంట్ చేయండి. ఎక్కకపోతే ఇంకో కాపీ చేసుకుని, దాని మీద బ్లాక్ 32లో ఉండే ప్రత్యామ్నాయ సూపర్‌బ్లాక్‌తో (ఫైల్‌సిస్టమ్ ముఖ్య వివరాల అదనపు కాపీ) ఎఫ్‌ఎస్‌సీకే ప్రయత్నించండి.