మూలాలు అల్లే జడ

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వీధుల వెంట నడుస్తూ, ఏ ఇంటి అరుగు మీదనో తల్లి కూతురికి మూడు పాయల జడ వేస్తుండగా చూస్తే, గణితం బోధించే నాకు x³ − 2 వంటి బహుపదుల మూలాలు, అంటే వాటి విలువను సున్నా చేసే సంఖ్యలు, గుర్తుకు వస్తాయి.

సున్నా కాని ఒక సంకీర్ణ సంఖ్యకు, అంటే తలం మీద బిందువుగా చూపగల సంఖ్యకు, మూడు ఘనమూలాలు ఉంటాయి. అవి సున్నా చుట్టూ సమబాహు త్రిభుజపు శీర్షాల వలె నిలుస్తాయి. ఆ సంఖ్యను సున్నా చుట్టూ వృత్తంలో మెల్లగా తిప్పి బయలుదేరిన చోటికే తెస్తే, మూలాలు మాత్రం 120 డిగ్రీలే తిరిగి, ఒక్కొక్కటి పక్కదాని స్థానంలోకి చేరుతుంది. కాలాన్ని నిలువు గీతగా తీసుకొని వాటి దారులను గీస్తే మూడు పాయలు కనిపిస్తాయి. నిజానికి ఇక్కడ పడేది జడ కాదు, తాడుకు పడే పురి. మూడు చుట్లు తిప్పినప్పుడు ప్రతి మూలమూ తన చోటికి తిరిగివచ్చినా ఆ పురి విడదు. ఏ బహుపదికైనా దాని గుణకాలను, అంటే x ఘాతాలను గుణించే సంఖ్యలను, తగిన విధంగా కదిపితే, మూలాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండానే, మనం కోరిన ఏ జడనైనా అల్లించవచ్చు. ఈ అల్లికలను లెక్కించే బీజగణితాన్ని గణితవేత్త ఎమిల్ ఆర్టిన్ 1925లో అందించాడు. బీజగణితమూ, తెంపకుండా వంచినా మారని ఆకార గుణాలను చదివే టోపాలజీ ఇంత సహజంగా కలిసే చోటు నాకు మరొకటి తెలియదు.

గుణకాల నుంచి మూలాలను రాబట్టడమే సమీకరణ సాధన. ఐదవ పరిమాణ (x⁵ గల) సమీకరణాన్ని ఒకే గుణకం మిగిలే రూపానికి తేవచ్చని స్వీడన్ గణితవేత్త బ్రింగ్ 1786లో చూపాడు. ఏడవ పరిమాణానికి అలా చేసినా మూడు గుణకాలు మిగులుతాయి. ఆ మూలాలను రెండేసి చరరాశుల ప్రమేయాలతో రాబట్టడం సాధ్యం కాదన్నది 1900లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ అంచనా. అవిచ్ఛిన్న ప్రమేయాలను, అంటే విలువ ఎక్కడా హఠాత్తుగా దూకని వాటిని, అనుమతిస్తే అది సాధ్యమేనని రష్యన్ గణితవేత్త కోల్మోగొరోవ్ శిష్యుడు, 19 ఏళ్ల ఆర్నోల్డ్, 1957లో నిరూపించాడు. కాని అవిచ్ఛిన్నత ఒక్కటే చాలుననడం మరీ ఉదారమైన షరతు. బహుపదుల నుంచి పుట్టిన బీజీయ ప్రమేయాలనే వాడాలంటే ప్రశ్న ఇంకా తేలలేదు. ఆర్నోల్డ్ స్వయంగా ఆ లోటును గుర్తించి, 1970లో జడల టోపాలజీ నుంచే అడ్డంకులను వెలికితీయడానికి పూనుకున్నాడు.

ఆ దారిలో కొన్ని ఫలితాలు వచ్చాయి గాని, అసలు చిక్కు ఎంత లోతైనదంటే, ఏడవ పరిమాణం మాట అటుంచి, ఏ ఒక్క పరిమాణ సమీకరణం విషయంలోనూ ఒక్క చరరాశి బీజీయ ప్రమేయాలు చాలవని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. ఆరవ పరిమాణానికి రెండు చరరాశులు సరిపోతాయని తెలుసు. ఒక్కటి సరిపోతుందో లేదో దాని ఆరు పాయల అల్లిక నుంచి ఇంకా ఎవరూ చదవలేకపోయారు.