ఆయన నీకేమవుతాడు? అభిమానంపై అపోహలు, వాస్తవాలు

కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్లు చదువు గురించో, పెళ్లి గురించో మాట్లాడి మాట్లాడి, లేచే ముందు గొంతు తగ్గిస్తారు: "నవ్వకండి మేడమ్, మా హీరో గురించి ఒకటి అడగాలి." నేను నవ్వను. చాలాసార్లు వాళ్లు వచ్చింది ఆ మాట కోసమే.

అపోహ: తెర మీది మనుషుల మీద ఈ అభిమానమంతా ఫోన్లు వచ్చాక పట్టుకున్న జబ్బు.

వాస్తవం: ఇది జబ్బూ కాదు, కొత్తదీ కాదు. 1956లోనే హార్టన్, వోల్ అనే అమెరికన్ పరిశోధకులు దీనికి ‘పారాసోషల్’ అని పేరు పెట్టారు. టీవీలో మనిషి కెమెరా వైపు చూస్తూ కబుర్లు చెబుతుంటే, ఇంట్లో కూర్చున్నవాళ్లకి తమతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుందని గమనించారు. మనకు ఆయన తెలుసు, ఆయనకు మనం తెలియదు.

అపోహ: ఎవరూ లేనివాళ్లే ఇలా అతుక్కుపోతారు.

వాస్తవం: 1985లో టీవీ వార్తలు చూసేవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో ఒంటరితనానికీ దీనికీ సంబంధం కనిపించలేదు. ఇంటినిండా జనం ఉన్నవాళ్లూ నా దగ్గరికి వస్తారు.

అపోహ: సినిమావాళ్లు పోతే ఏడవడం నాటకం.

వాస్తవం: 2020 సెప్టెంబరు 25న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పోయాక, ఒకావిడ వారాల తరబడి రేడియో పెట్టలేదు. "ఆయన నీకేమవుతాడని?" అంటూ ఇంట్లో విసుక్కున్నారట. చుట్టరికం ఉండాలి, మైల పట్టాలి, అప్పుడే ఏడవాలి అన్నట్టు! పెళ్లికి ముందు నుంచీ విన్న గొంతు అది. ఆవిడ పురుళ్లు, మామగారి చావు, పిల్లల పరీక్షలు, అన్నిటి వెనకా ఆ పాటలే. రోజూ వినే గొంతుకి మనసు అలవాటు పడేటప్పుడు, అటునుంచి జవాబు వస్తోందా లేదా అని చూడదు. నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. ఏ పాట వింటే ఏం గుర్తొస్తుందో చెప్పించుకున్నాను. మధ్యలో నా కళ్లూ తడిశాయి, దాచుకోలేదు.

అపోహ: ఎంత ముదిరినా అభిమానమే కదా.

వాస్తవం: కాదు. అప్పు చేసి ఫ్లెక్సీలు కట్టిస్తుంటే, హీరోని ఏదో అన్నారని స్నేహాలు తెంచుకుంటుంటే, కూర్చోబెట్టి మాట్లాడాలి. "ఆ హీరోయిన్ పాటలో నాకే సైగ చేస్తోంది, నన్నే ప్రేమిస్తోంది" అని గట్టిగా నమ్మడం మాత్రం వేరే సంగతి. దాన్ని ఎరోటోమేనియా అంటారు, అరుదు. దానికి కౌన్సెలింగ్ ఒక్కటే చాలదు, సైకియాట్రిస్ట్ చూడాలి. ఇంట్లోవాళ్లు వాదించి ఒప్పించాలనుకుంటే కుదరదు.

"ఆయన లేకపోతే నేనూ ఉండను" అంటే సరదాకి అన్నారని వదిలేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి అర్ధరాత్రైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.