స్నేహితుడితో టమాటాల పండుగకు: అపోహలు - వాస్తవాలు

స్పెయిన్‌లో వాలెన్సియా నగరానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో బున్యోల్ అనే చిన్న ఊరు ఉంది. ఏటా ఆగస్టు చివరి బుధవారం అక్కడ జనం ఒకరిమీద ఒకరు టమాటాలు విసురుకునే ‘లా టొమాటీనా’ పండుగకు టూర్ లీడర్‌గా బృందాలను తీసుకెళ్తుంటాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇద్దరిద్దరుగా వచ్చే స్నేహితులే. ఏ బట్టలు వేసుకోవాలి, కెమెరా తెచ్చుకోవచ్చా అని అందరూ అడుగుతారు. తప్పిపోతే ఏం చేయాలని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది అదే. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను.

అపోహ: “గట్టిగా చెయ్యి పట్టుకుంటే తప్పిపోం.”

వాస్తవం: తప్పిపోతారు. పైగా చెయ్యి వదలకపోతే ఇద్దరూ పడిపోయే ప్రమాదం ఉంది.

అక్కడ జరిగేది చూస్తే ఎందుకో తెలుస్తుంది. టమాటాలు వంద టన్నులకు పైనే వస్తాయి. వాటిని నింపుకున్న లారీలు ‘కాయే దెల్ సిద్’ అనే ఇరుకు వీధిలోంచి, నిండా జనం ఉండగానే, మెల్లగా నడుస్తాయి. లారీ దగ్గరకు వచ్చినప్పుడల్లా వీధిలో ఉన్నవాళ్లంతా రెండు పక్కలా గోడలకు అతుక్కుపోవాలి. అసలు కష్టం ఆ రెండు మూడు నిమిషాలే. ఊపిరి తీసుకోవడానికి కూడా చోటు ఉండదు. ఆ సమయంలో ఒకరు ఈ గోడవైపు, ఇంకొకరు ఆ గోడవైపు ఉండి చేతులు పట్టుకుంటే మధ్యలోంచి లారీ వస్తుంది. లేదా వెనకనుంచి వచ్చిన తోపుడికి ఒకరి కాలు గుజ్జులో జారితే రెండోవాళ్లు కూడా వాళ్లమీదే పడతారు.

కాబట్టి లారీ రాకముందే ఇద్దరూ ఒకే గోడవైపు చేరండి. ఒకరి వెనక ఒకరు నిలబడండి. రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, పక్కటెముకలకు ఊపిరాడే జాగా మిగులుతుంది. జనం తోస్తే ఎదురు తోయకండి. ఆ ఊపు తగ్గిన క్షణంలో ఏటవాలుగా అంచువైపు జరగండి. చెప్పు ఊడినా, కళ్లజోడు పడినా వంగకండి. చెయ్యి జారితే జారనివ్వండి. మళ్లీ ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుని ఉంటే భయపడాల్సిన పని లేదు.

అపోహ: “ఫోన్ ఉందిగా, కాల్ చేసుకుందాంలే రా.”

వాస్తవం: ఒకే చోట అన్ని వేలమంది ఉన్నప్పుడు నెట్‌వర్క్ మొరాయిస్తుంది. గుజ్జు అంటిన తెరమీద వేలు పెడితే పని చేయదు. చుట్టూ గోలలో రింగు వినపడదు.

ఒక సంవత్సరం నా బృందంలో చిన్నప్పటినుంచీ కలిసి తిరిగిన ఇద్దరు స్నేహితులు వచ్చారు. రెండు ఫోన్లూ ఒకే పౌచ్‌లో పెట్టి ఒకతను మెడలో వేసుకున్నాడు. మొదటి లారీ రాకముందే విడిపోయారు. రెండో అతనికి స్నేహితుడి నంబరు నోటికి రాదు, హోటల్ పేరు గుర్తు లేదు. మూడు గంటల తర్వాత బస్సులు ఆగే చోట కాలిబాట మీద కూర్చుని కనిపించాడు. స్నేహితుడు కాళ్లకింద పడిపోయాడేమోనని ఊహించుకుని వణికిపోతున్నాడు. అదే సమయంలో ఆ స్నేహితుడు ఇతనికోసం ప్రథమ చికిత్స శిబిరాలు వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. అంత దూరం వచ్చి ఇద్దరూ పండుగ చూడలేదు.

అప్పటినుంచి బస్సు దిగకముందే ప్రతి జంట చేతా మూడు విషయాలు పైకి చెప్పిస్తున్నాను. ఒకటి, కలుసుకునే చోటు. అది టమాటాలు పడే వీధుల బయట ఉండాలి. రెండు, కలుసుకునే టైము. మూడు, అవతలివాళ్లు రాకపోతే ఎంతసేపు ఆగాలి, తర్వాత ఎవరిని అడగాలి. అవతలివాళ్ల నంబరు కాగితంమీద రాసి, నీళ్లు చేరని కవర్లో ఎవరి దగ్గర వాళ్లు పెట్టుకోవాలి. అత్యవసరమైతే స్పెయిన్ అంతటా 112కు కాల్ చేయాలి.

అపోహ: “నిజమైన స్నేహితులైతే ఇద్దరూ లారీల దగ్గరే ఉండాలి.”

వాస్తవం: ఒకరికి జనం మధ్య ఉత్సాహం వస్తుంది, ఇంకొకరికి ఊపిరాడదు. అందులో తప్పేమీ లేదు. పక్కవీధుల్లో గుంపు కాస్త పలుచగా ఉంటుంది, టమాటాలు అక్కడికీ చేరతాయి. “నాకు భయంగా ఉంది, నేను పక్కకు వెళ్తా” అని ఒకరు అంటే రెండోవాళ్లు బతిమాలకూడదు, వెక్కిరించకూడదు. ఈ మాట ముందురోజు రాత్రే అనుకోండి. నా అనుభవంలో గొడవలు టమాటాల వల్ల రావు, ఈ మాట అనుకోకపోవడం వల్లే వస్తాయి.

అపోహ: “ఇది వందల ఏళ్ల నాటి మతాచారం.”

వాస్తవం: మొదలైంది 1945లో. ఊరేగింపులో కుర్రాళ్ల మధ్య జరిగిన తోపులాట కూరగాయల దుకాణం మీదికి మళ్లిందని చెబుతారు. 1950లలో అధికారులు నిషేధించారు. 1957లో ఊరివాళ్లు శవపేటికలో పెద్ద టమాటా పెట్టి, బ్యాండు మేళంతో ‘అంత్యక్రియలు’ జరిపి నిరసన తెలిపారు. తర్వాత అనుమతి వచ్చింది. ఈ కథ తెలిసి వెళ్తే ఆ ఊరివాళ్లకు ఈ పండుగ ఎంత సొంతమో అర్థమవుతుంది.

అపోహ: “వీధి పండుగే కదా, నేరుగా వెళ్లి దూరిపోవచ్చు.”

వాస్తవం: 2013నుంచి టికెట్ తప్పనిసరి, మొత్తం సుమారు 20 వేలమందికే ప్రవేశం. అంతకుముందు పదివేల జనాభా కూడా లేని ఊరికి 40 వేలకు పైగా వచ్చేవారు. ఇద్దరి టికెట్లూ ఒకేసారి కొనండి. స్పెయిన్ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే పెట్టుకోవచ్చు, చివరి నెలదాకా ఆగొద్దు.

అపోహ: “రోజంతా కొట్టుకోవచ్చు, ఎలా కొట్టినా ఫర్వాలేదు.”

వాస్తవం: సరిగ్గా ఒక గంట. ఇటీవల మధ్యాహ్నం 12కి మొదటి బాణసంచా పేలుతుంది, ఒంటిగంటకు రెండోది. రెండోది వినపడగానే చేతిలో ఉన్నది కూడా వదిలేయాలి. విసిరే ముందు పండును నలిపి తీరాలి. సీసాలు తేకూడదు, ఎవరి టీషర్టూ చింపకూడదు. నియమం ఉన్నా చింపేవాళ్లు ఉంటారు. అమ్మాయిలకు నేను చెప్పేది, లోపల ఈత దుస్తులు వేసుకోమని. అబ్బాయిలకు చెప్పేది, మీ పక్కన ఎవరైనా ఆ పని చేస్తుంటే ఆపమని.

అపోహ: “టమాటా మెత్తనిదే కదా, ఏమీ కాదు.”

వాస్తవం: దాని పులుపు కంట్లో పడితే మండుతుంది. కాంటాక్ట్ లెన్సులు వద్దు, ఈత గాగుల్స్ పెట్టుకోండి. పాదం మొత్తం కప్పే పాత బూట్లకు లేసులు గట్టిగా కట్టుకోండి.

అపోహ: “అయిపోగానే బస్సెక్కి వచ్చేయొచ్చు.”

వాస్తవం: ఒంటినిండా గుజ్జుతో ఎక్కనివ్వరు, ముందు కడుక్కోవాలి. అగ్నిమాపక వాహనాలు వీధులు కడుగుతుంటాయి, ఊరివాళ్లు ఇంటి ముందు పైపు పట్టుకుని, అడిగితే మనమీద కూడా నీళ్లు కొడతారు. వాళ్లకు ‘గ్రాసియాస్’ (స్పానిష్‌లో థాంక్స్) చెప్పడం మరవకండి. నీళ్లు చల్లగా ఉంటాయి, వరుస పొడుగ్గా ఉంటుంది. పొడి బట్టలు, తువ్వాలు, కాసిని యూరోలు ఇద్దరికీ వేరువేరు సంచుల్లో పెట్టుకోండి. ఒకే సంచి అయితే, రెండోవాళ్లు వచ్చేదాకా ఒకరు తడిబట్టలతో నిలబడాల్సి వస్తుంది.