ఆటకు తోడు కూచునేదెవరు?

అంగన్‌వాడీ నుంచి వచ్చిన బిడ్డను అనంతపురం పల్లెల్లో ఇంటోళ్లు మొదట అడిగేది ఒకటే: 'ఈ పొద్దు ఏం రాసినావ్?' ఏం ఆడినావని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న మారాలని దేశం మొదట చూసిన చోట్లలో ఈ జిల్లా కూడా ఉంది. 1975 అక్టోబరు 2న, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) 33 ప్రాజెక్టులతో మొదలైంది. వాటిలో ఈ జిల్లాలోని కంబదూరు ఒకటి.

అంగన్‌వాడీ అన్న మాట అంతకంటే పాతది. అంగన్ అంటే వాకిలి. మహారాష్ట్రలో బోర్డీ, కోస్‌బాడ్ ప్రాంతాల్లో చిన్నపిల్లల చదువుకు పనిచేసిన తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ గిరిజన పిల్లల కోసం బడినే వాకిట్లోకి తీసుకొచ్చారు. గింజలు, ఆకులు, గులకరాళ్లు, పల్లెలో దొరికేవే అక్కడ బోధన సామాను. అంతకుముందే, 1939లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. పిల్లలు చేసేదాన్ని ఆమె ఆట అనలేదు, పని అన్నారు. అప్పుడు అనంతపురం మద్రాసు ప్రావిన్సులోనే ఉంది. కానీ ఆమె పద్ధతికి కావలసిన చెక్క సామాను ఖరీదైనది. పల్లెకు అమరేది కోస్‌బాడ్ దారేనని నాకనిపిస్తుంది.

ఐసీడీఎస్ కింద ఆరు సేవలు పెట్టారు. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, వాటితోపాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. కరువు సీమలో తిండే ముందుకొచ్చిందంటే తప్పు పట్టలేం. 1986 జాతీయ విద్యా విధానం ఈ వయసులో చదవడం, రాయడం, లెక్కలు నేర్పే పద్ధతిని ప్రోత్సహించొద్దని స్పష్టంగానే చెప్పింది. అయినా ఊళ్లో ఎల్‌కేజీ బస్సు తిరగడం మొదలయ్యాక పలకే గెలిచింది. మూడేండ్ల బిడ్డ చేత అఆలు దిద్దించకపోతే 'అక్కడ ఏం నేర్పరు' అన్న మాట వచ్చేది.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా ఒకటి చేసింది. 2022లో వచ్చిన ఆ దశ పాఠ్య ప్రణాళిక స్వేచ్ఛగా ఆడేది, పెద్దల తోడుతో ఆడేది, నియమాలతో ఆడేది అని ఆటను విడదీసి చెప్పింది. నడిమిదే అన్నిటికన్నా కష్టం. ఆట బిడ్డదిగానే ఉండాలి, కానీ పెద్దలు ఊరికే ఉండకూడదు.

కంబదూరు దారిలో ఒక కేంద్రంలో దాన్ని కళ్లారా చూశాను. నాలుగేండ్ల పాప నేలమీద రెండు గుంతల్లో చింతగింజలు పోసింది. టీచరు పక్కన చతికిలబడి, 'ఏ గుంతలో జాస్తి ఉండాయి?' అనింది. పాప పెద్ద కుప్పను చూపించింది. 'ఎట్ల చెప్తావ్మా?' పాపకు అంకెలు ఇంకా సరిగా రావు. కాసేపు చూసి, ఇందులోంచి ఒకటి, అందులోంచి ఒకటి తీసి జతలు పెట్టింది. చివర రెండు మిగిలాయి. 'ఇవి జాస్తి!' టీచరు లెక్క చెప్పలేదు, 'మళ్లా కలిపేస్తే?' అని మాత్రమే అడిగింది.

ఇట్లా కూచోవడానికి సమయం కావాలి. బరువులు, ఎత్తులు, రిజిస్టర్లు, ఫోన్‌లో ఎంట్రీలు, అన్నీ ఆమెవే. వంట ఆయా చూసుకుంటుంది. పొద్దున మొదటి గంట ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తానని చెప్పింది. ఆ గంటలోనే నేను పోయాను.