నట్టుకు పేస్టు పూస్తే ఊడిపోదా?

జూబ్లీహిల్స్‌లో ఖరీదైన కార్లు బాగుచేసే వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడొకడు అడిగాడు: "సార్, పోర్షే 911 జీటీ3 చక్రానికి అయిదు బోల్టులుండవు, నడిమధ్య ఒకటే పెద్ద నట్టు. దాని థ్రెడ్‌కి అల్యూమినియం పేస్టు పూయమంటారు. గ్రీజులాంటిది పూస్తే జారి ఊడిపోదా?"

ఇంత మంచి ప్రశ్న విని చాలా రోజులైంది.

ఇలా ఒకే నట్టుతో చక్రాన్ని బిగించడాన్ని సెంటర్‌లాక్ అంటారు. రేసుల నుంచి వచ్చిన పద్ధతి ఇది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ (కరెంటు కార్ల రేసు) కార్లకూ చక్రానికి ఒకే నట్టు. మామూలు కారులో ఒక్కో బోల్టుకు సుమారు 100 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, సరిపోతుంది. పోర్షేలో ఈ ఒక్క నట్టుకు 600 కావాలి. మీటరు పొడవున్న రాడ్డు చివర 60 కిలోల మనిషి నిలబడ్డంత.

ఇక అసలు విషయం. థ్రెడ్ అంటే గుండ్రంగా చుట్టిన ఏటవాలు. విప్పి పరిస్తే అది ఫ్లైఓవర్ ర్యాంప్ లాంటిదే, కాకపోతే వాలు చాలా తక్కువ. ఇంత పెద్ద నట్టులో నూటికి రెండు మూడు పాళ్లు మించదు. పేస్టు పూసిన లోహం మీద ఘర్షణ గుణకం సుమారు 0.1, అంటే నూటికి పది. వాలు కంటే ఘర్షణ ఎక్కువగా ఉన్నంతసేపు ర్యాంప్ మీద పెట్టిన రాయి తనంతట తాను జారదు. ర్యాంప్ వానకు తడిసినా అంతే.

మరి నట్లు ఎందుకు ఊడుతున్నాయి? గెర్హార్డ్ యుంకర్ అనే ఇంజనీరు 1969లో దీనికి జవాబు చూపించాడు. ర్యాంప్ మీది రాయిని అడ్డంగా అటూ ఇటూ జరపండి. ఘర్షణంతా ఆ అడ్డకదలికను ఎదిరించడానికే ఖర్చవుతుంది, కిందికి దిగకుండా ఆపడానికి దాదాపు ఏమీ మిగలదు. ఒక్కో ఊపుకు రాయి కొంచెం కొంచెంగా దిగిపోతుంది. చక్రం హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు కొస) మీద వెంట్రుకవాసి పక్కకి కదిలినా నట్టుకు పట్టే గతి ఇదే. చక్రం లూజైతే దిష్టి తగిలిందని నిమ్మకాయలు తొక్కించేవాళ్లున్నారు. దసరాకి పూజ చేసుకోవడం వేరు, ప్రాణాల మీదకు వచ్చే లోపాన్ని దిష్టి మీదకు నెట్టడం వేరు.

కదలనివ్వకుండా పట్టేది క్లాంప్ బలం, అంటే చక్రాన్ని హబ్‌కు అదిమే బలం. మనం పెట్టే టార్క్‌లో దానికి దక్కేది ఎంత? మామూలు బోల్టులో సుమారు 50 శాతం నట్టు ఆనే ముఖం దగ్గర, 40 శాతం థ్రెడ్‌లో ఘర్షణకే పోతుంది. అదమడానికి మిగిలేది పదే. నట్టు పెద్దదయ్యేకొద్దీ ఆ పది ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు పేస్టు ఎండిపోయి, దుమ్ము చేరి, ఘర్షణ రెట్టింపైందనుకోండి. పెట్టిన టార్క్ అందగానే చప్పుడు చేసే రెంచి అదే 600 దగ్గర "టక్" అంటుంది, క్లాంప్ బలం మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. పేస్టు పూయకపోతేనే ఊడే ప్రమాదం! ఘర్షణ లాభాలు, నష్టాలు అని రెండు గళ్లు గీయించి బట్టీపట్టించే పాఠాల్లో ఈ ఒక్క లెక్క చేయిస్తే పిల్లలకు విషయం పట్టుబడుతుంది.

అలాగని చేతికందిన గ్రీజు పనికిరాదు. బ్రేకుల వేడికి అది కరిగి కారిపోతుంది. చెప్పిన పేస్టునే, చెప్పిన చోటే పూయాలి. పాతది పూర్తిగా తుడిచేశాకే కొత్తది. బ్రేక్ డిస్కుకు మాత్రం అంటకూడదు.

బిగించేటప్పుడు ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి. 600కి బిగించి, పావు చుట్టు వదులుచేసి, మళ్లీ 600కి బిగించాలి. మొదటి బిగింపులో పేస్టు సమంగా పరుచుకుని ముఖాలు కుదురుకుంటాయి, రెండోసారి వచ్చే అంకెనే నమ్మాలి. దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే ఇంపాక్ట్ గన్‌తో బిగిస్తే టార్క్ ఎంత పడిందో చెప్పలేం. సాకెట్ తీశాక మధ్యలోని స్ప్రింగు లాక్ బయటికి వచ్చిందో లేదో కళ్లతో చూడాలి. రాకపోతే కారు కదలకూడదు.